కాకి ఈక మీద ఫా

త్రొయ్ పట్టణం. కాగితపు మిల్లుల వీధి. జనవరి.
గడ్డకట్టకుండా సిరాబుడ్డి చంకలో పెట్టుకుని
నకలు రాస్తున్నాను.
పుటకి మూడు సూలు. కొవ్వొత్తి ఖర్చు నాదే.

మా మేష్టరు గోబెర్దియేర్ ఈసారి ఇచ్చిన కాగితం చూసి
ముందు నవ్వొచ్చింది.
తాళం గీతలు లేవు.
ఎంతసేపో చెప్పే తోకలు లేవు.
అన్నీ తెల్లటి గుడ్లే,
ఎవరో బుట్ట ఒలకబోసినట్టు.
వాటి మీదుగా పొడుగాటి వంపు గీతలు,
గాలికి సాగిన బట్టల తాడులా
ఒక స్వరాన్ని పట్టుకుని
మరెక్కడో వదిలేసేవి.

"ఎలా వాయించాలండీ?"
"నిద్ర లేచి చీకట్లో చెప్పులు వెతుక్కున్నట్టు," అన్నాడు.

అది ప్రెల్యూద్.
దాని వెనక పుట మీద పేరు: గొషే మిరెబో సమాధి.
పాలరాయికి డబ్బుల్లేనివాళ్ళకి
కాగితం మీద కట్టేది.

గొషే అంటే ఈకల గొషే.
కాకి రెక్కలోంచి గట్టిది ఏరి
గోరంత ముక్క కోసి
క్లావెసాన్ లోపల ఒక్కో మెట్టు వెనకా నిలబెట్టేవాడు.
తీగను మీటేది అదే.
మనం వేలు నొక్కుతాం, అంతే. మాట్లాడేది కాకి.
రాసే నా చేతిలో పెద్దబాతు ఈక,
మోగే చోట కాకి ఈక.
మధ్యలో మనిషి పని ఎంతని!

సెప్టెంబరులో జ్వరం. మూడు రోజులు.
అతను బాకీపడ్డ వైను
ఇంకా మేష్టరు లెక్కల పుస్తకంలోనే ఉంది.

ఈ పెట్టెకి గట్టిగా ఏడవడం రాదు.
మెల్లగా ఏడవడమూ రాదు.
గుద్దినా నిమిరినా ఒకటే గొంతు.
దానికి వచ్చిన విద్య ఒక్కటే,
ఆలస్యం చేయడం.
అందుకే మేష్టరు నాలుగు స్వరాల్ని కలిపి మోగించడు.
లూత్ వాళ్ళ దగ్గర దొంగిలించిన అలవాటు:
ఒకటి వచ్చి కూర్చున్నాక ఇంకొకటి,
మంచు దులుపుకుంటూ చావింట్లోకి వచ్చే జనంలా.
అందరికన్నా దగ్గరివాడు అందరికన్నా వెనక,
తలుపు దగ్గర తటపటాయిస్తూ.

జంటగా రాసిన స్వరాలు జంటగా నడవవు.
మొదటిది కాస్త కుంటుతుంది,
రెండోది ఉరికి అందుకుంటుంది.
మా దేశంలో అందరూ అలాగే వాయిస్తారు.
కానీ గొషేకి ఎడమకాలు కుంటి.
ఇక నాకు ఇంకోలా వినిపించదు.

ఒకచోట తోడేలుంది.
శ్రుతి చేసేవాళ్ళు దోషాలన్నీ ఊడ్చి ఒక మూలకి తోస్తారు.
ఆ మూల రెండు మెట్లు కలిపి నొక్కితే ఊళ.
ఎవరూ అటు పోరు.
మేష్టరు పోయాడు,
ఉప్పు కొనడానికి వెళ్ళినంత మామూలుగా.

అయిదో పుటలో నా చెయ్యి ఆగింది.
కింది ఫా.
మొత్తం మీద ఒక్కసారే.
రావలసిన ప్రతిచోటా
చుట్టుపక్కల స్వరాలు పక్కకి తప్పుకున్నాయి,
మడుగును దాటే పాదాల్లా.
పొరపాటేమోనని అడిగాను.

ఆయన పెట్టె మూత తీశాడు.
ఆ మెట్టు వెనక చెక్కపుల్ల పైకి లాగి
కొసన ఈక చూపించాడు.
దీజోన్ నుంచి ఒకడొచ్చి అన్నీ మార్చేశాడట.
ఇదొక్కటే గొషే కోసింది.
"అరిగిపోతుంది కదా, పెరెత్," అన్నాడు.
"అందుకని."

నిన్న ఆయన సాయంత్రపు ప్రార్థనకి వెళ్ళినప్పుడు
నేను ఒకసారి నొక్కాను.
ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.
చలికి బిగిసిన ఇత్తడి తీగ.
ముందు ఈక గీరుకున్న చప్పుడు,
తర్వాత ఫా,
తర్వాత చాలాసేపు గది.

ఇవాళ పారిస్ నుంచి కొన్నవాళ్ళ మనిషి వచ్చాడు.
వేలు తడిచేసుకుని పుటలు లెక్కపెట్టాడు.
గీతలు గియ్యలేదు కాబట్టి పని తక్కువేనని
రెండు సూలు కోశాడు.
ఫా మీద సిరా ఎక్కువ పడిందని
ఇంకొకటి.

సరేనన్నాను. కట్ట కట్టి ఇచ్చాను.
పాపం, వాళ్ళింట్లో ఫా
ఎన్నిసార్లయినా మోగుతుంది.